పాత పెళ్ళి సీడీలు, హ్యాండీకామ్ డిస్కులు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కకపోతే: మొదటి నుంచి చివరిదాకా చేయాల్సిన పని

"టీవీలో బాగానే ఆడుతుందన్నా, ఎడిటింగ్‌లో వేస్తే సౌండ్ రావడం లేదు." "ఫైలు లాగితే తీసుకోనంటోంది." "డిస్కు పెడితే ఖాళీ అని చూపిస్తాంది." పెళ్ళిరోజుకో, నాయన షష్టిపూర్తికో పాత వీడియోలన్నీ కలిపి ఒక అరగంట వీడియో చేద్దామని కూర్చున్నవాళ్ళు ఈ మూడింట్లో ఏదో ఒకదాని దగ్గర ఆగిపోతారు. కర్నూలులో తెలిసినవాళ్ళకు విడివిడిగా ఫోన్లో చెబుతూ వచ్చిందే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

దాదాపు అందరూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌నే తిడతారు. నిజానికి దాని తప్పు తక్కువ. డిస్కులోంచి నేరుగా టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) మీదికి లాగడంతోనే సగం గొడవ మొదలవుతుంది. డిస్కులో ఉన్న ఫైళ్ళు ప్లేయర్ కోసం తయారైనవి, ఎడిటింగ్ కోసం కాదు. అందుకని పనిని మూడుగా విడగొట్టండి. మొదట డిస్కు మొత్తాన్ని హార్డ్‌డిస్కులోకి దించాలి. తర్వాత ఆ కాపీని ఒకే ఒక్కసారి ఎడిటర్‌కు, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు, నచ్చే ఫైలుగా మార్చాలి. ఆ మార్చిన ఫైలునే టైమ్‌లైన్ మీదికి తేవాలి. ఈ వరుస తప్పకుండా చేస్తే, ఎక్కడ చెడిందో వెంటనే తెలిసిపోతుంది.

## 1. ముందు అది ఏ డిస్కో చూడండి

కవరు మీద స్టూడియోవాళ్ళు "మ్యారేజ్ సీడీ" అని వేసినా, లోపల ఉన్నది డీవీడీ కావచ్చు. డిస్కును డ్రైవులో పెట్టి, తనంతట తాను తెరుచుకునే ప్లేయర్‌ను మూసేసి, లోపలి ఫోల్డర్లు చూడండి. పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి.

- ఎంపెగ్‌ఏవీ ఫోల్డరు, అందులో డీఏటీ ఫైళ్ళు ఉంటే అది వీసీడీ. బొమ్మ సైజు 352×288, ఎంపెగ్-1 రకం. ఒక్కో డిస్కులో గంటా పావు పడుతుంది. ఒకే పెళ్ళికి రెండు మూడు డిస్కులు ఇచ్చేది అందుకే.
- వీడియో టీఎస్ ఫోల్డరు, అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్ళు ఉంటే అది మామూలు డీవీడీ. మన దేశంలో రికార్డు చేసినది 720×576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో, ఎంపెగ్-2 రకంలో ఉంటుంది.
- డీవీడీ ఆర్‌టీఏవీ ఫోల్డరు, అందులో వీఆర్ఓ ఫైలు ఉంటే డీవీడీ రికార్డరులోనో హ్యాండీకామ్‌లోనో వీఆర్ (వీడియో రికార్డింగు) మోడ్‌లో తీసినది.
- ఏమీ కనబడకపోతే డిస్కును ఫైనలైజ్ చేసి ఉండరు. దాని సంగతి 4వ భాగంలో ఉంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో చిన్నాయనో అక్కడి కెమెరాతో తీసి పంపిన డిస్కులుంటే వాటిని వేరుగా పెట్టండి. వాటి సైజు 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. వాటి సెట్టింగులు వేరు.

అరచేతిలో పట్టేంత చిన్న డిస్కులు హ్యాండీకామ్ మినీ డీవీడీలు. 8 సెంటీమీటర్ల వెడల్పు, 1.4 జీబీ సామర్థ్యం, మామూలు క్వాలిటీలో అరగంట రికార్డింగు. ఇవి ట్రే బయటికొచ్చే డ్రైవుల్లోనే పెట్టాలి. ట్రే మధ్యలో వీటికోసం చిన్న గుంట ఉంటుంది. సందులోంచి డిస్కును లోపలికి లాక్కునే డ్రైవుల్లో పెడితే లోపలే ఇరుక్కుపోతాయి.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ ట్రే ఉన్న డీవీడీ డ్రైవు. ల్యాప్‌టాప్‌లో లేకపోతే బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవు చాలు.
☐ వీలైతే ఎవరింట్లోనైనా మూలన పడున్న పాత కంప్యూటర్ డ్రైవు కూడా. ఒక డ్రైవు చదవలేని డిస్కును ఇంకో డ్రైవు చదవడం మామూలే.
☐ ఒక్కో డీవీడీకి కాపీ, మార్చిన ఫైలు కలిపి దాదాపు 10 జీబీ ఖాళీ స్థలం.
☐ వీఎల్‌సీ ప్లేయర్. విండోస్ 10, 11లో డీవీడీ ఆడించే ప్లేయర్ విడిగా రాదు.
☐ ఐఎస్ఓ (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) కాపీ తీయడానికి ఇమ్గ్‌బర్న్, ఫైలు మార్చడానికి హ్యాండ్‌బ్రేక్, ఫైలు లోపల ఏముందో చూడటానికి మీడియాఇన్ఫో. మూడూ ఉచితమే.
☐ డిస్కు రాసిన అసలు కెమెరా లేదా రికార్డరు, దాని చార్జరు. పాతసామానోడికి ఇచ్చేయకముందే వెతికి పెట్టండి.

యూఎస్‌బీ డ్రైవును హబ్‌కు తగిలించొద్దు. డిస్కు తిరగడం మొదలై, టక్కుమని ఆగి, మళ్ళీ మొదలవుతుంటే దానికి కరెంటు సరిపోవడం లేదని అర్థం. కంప్యూటర్ పోర్టుకే నేరుగా తగిలించండి. కేబులుకు రెండు యూఎస్‌బీ పిన్నులుంటే రెండూ పెట్టాలి. రెండోది అలంకారానికి ఇవ్వలేదు.

## 3. డిస్కు శుభ్రం చేయడం

దుమ్ము మాత్రమే ఉంటే మెత్తటి, నూగు రాలని గుడ్డతో నడిమి రంధ్రం దగ్గర్నుంచి బయటి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. అడ్డంగా పడిన గీతను డ్రైవు సర్దుకుంటుంది. ట్రాక్ వెంబడి పొడవునా పడిన గీత దగ్గర మాత్రం ఆగిపోతుంది.

వేలిముద్రలకు, జిడ్డుకు నీళ్ళలో ఒక చుక్క మెత్తటి లిక్విడ్ సోపు కలిపి కడిగి, మంచినీళ్ళతో తొలిపి, నీడలో ఆరనివ్వండి. టూత్‌పేస్టుతో రుద్దమని వీడియోల్లో చెబుతుంటారు. మీ పెళ్ళి డిస్కు మీద ఆ ప్రయోగం వద్దు.

కర్నూలు పాతబస్తీలో, తుంగభద్ర ఒడ్డు కాలనీల్లో 2009 అక్టోబరు వరదకు మునిగిన ఇళ్ళలో ఇప్పటికీ బురద మరకలున్న డిస్కులు దొరుకుతుంటాయి. ఎండిన బురదను గోటితో గీకొద్దు, పొడిగుడ్డతో రుద్దొద్దు. అందులో ఇసుక ఉంటుంది, గీతలు పెడుతుంది. గిన్నెలో నీళ్ళు పోసి డిస్కును కాసేపు నాననిచ్చి, బురద దానంతటదే వదిలాక నీళ్ళు మార్చి మళ్ళీ ముంచండి. కాగితం కవరు డిస్కుకు అతుక్కుపోయి ఉంటే అదీ నానిన తర్వాతే తీయాలి, లాగకూడదు.

డీవీడీలో సమాచారం పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి కాస్త తట్టుకుంటుంది. సీడీలో, అంటే వీసీడీలో కూడా, ఆ పొర లేబుల్‌కు సరిగ్గా కిందే ఉంటుంది. లేబుల్ పైపు గీత పడితే అక్కడి సమాచారం పోయినట్టే. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి, సూది మొన అంత రంధ్రాల్లోంచి వెలుగు కనబడితే పొర ఊడింది. స్టిక్కరు అంటించిన డిస్కుల స్టిక్కరు పీకితే పొర కూడా దానితోపాటే వస్తుంది. దాన్ని కదిలించకండి.

## 4. "ఖాళీ డిస్కు" అని చూపిస్తే

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

హ్యాండీకామ్‌లో, డీవీడీ రికార్డరులో తీసిన డిస్కును చివర్లో ఫైనలైజ్ చేయాలి. అప్పుడే లోపల ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక పూర్తిగా రాస్తుంది. అది లేకపోతే తీసిన కెమెరాలో మాత్రం ఆడుతుంది, కంప్యూటర్‌కు ఖాళీగా కనిపిస్తుంది. పుట్టెంట్రుకలు తీయించిన రోజు సగం డిస్కే నిండింది, మిగతా సగం తర్వాత వాడుకుందామని అలాగే దాచేసిన డిస్కులన్నీ ఈ కోవకే వస్తాయి.

అలాంటి డిస్కు పెట్టగానే విండోస్ "ఈ డిస్కును ఎలా వాడాలనుకుంటున్నారు" అని అడుగుతుంది. పెన్‌డ్రైవులాగా వాడతారా, ప్లేయర్ కోసమా అని రెండు దారులు చూపిస్తుంది. రెండూ వద్దు, క్యాన్సిల్ నొక్కండి. అక్కడ ముందుకు పోతే దాని మీద కొత్తగా రాయడం మొదలవుతుంది. కెమెరాలో పెట్టినప్పుడు ఫార్మాట్ చేయమన్నా ఒప్పుకోవద్దు. ఫార్మాట్ వేరు, ఫైనలైజ్ వేరు. ఫైనలైజ్ చేస్తే బొమ్మలేమీ పోవు.

వరుస ఇది:

1. డిస్కును శుభ్రం చేసి, అది రాసిన కెమెరాలోనే పెట్టండి. అది పాడైతే అదే కంపెనీ, దగ్గరి మోడల్ ఎవరి దగ్గరుందో కనుక్కోండి.
2. బ్యాటరీ మీద ఆధారపడొద్దు, చార్జరు తగిలించండి. కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి, ఇన్వర్టరు ఉంటే దాని లైనుకే పెట్టండి. మధ్యలో ఆగిపోతే డిస్కు ఎటూ కాకుండా పోవచ్చు.
3. ముందు కెమెరాలో ప్లే చేసి చూడండి. బొమ్మ వస్తోందంటే సమాచారం భద్రంగా ఉన్నట్టే.
4. మెనూలో ఫైనలైజ్ ఎంచుకుని, కెమెరాను టేబుల్ మీద కదలకుండా పెట్టండి. చేతిలో పట్టుకోవద్దు.
5. అయిందని చెప్పేదాకా మూత తీయొద్దు. తక్కువ రికార్డింగు ఉన్న డిస్కుకే ఎక్కువసేపు పడుతుంది, ఆగిపోయిందని కంగారుపడకండి.

డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ డిస్కులకు సాధారణంగా ఈ అవసరం ఉండదు. మైనస్ ఆర్, మైనస్ ఆర్‌డబ్ల్యూ డిస్కులకు తప్పదు. ఏ రకమో డిస్కు మీదే ముద్రించి ఉంటుంది.

కెమెరా ఫైనలైజ్ చేయనంటే రెండు దారులు మిగులుతాయి. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాం ఫైనలైజ్ చేయని డిస్కులో కూడా వీడియో ముక్కలను వెతికి చూపిస్తుంది. ముందు ఉచితంగా చూసి, ముక్కలు కనిపించాకే డబ్బు కట్టండి. రెండోది, కెమెరాలో ప్లే చేస్తూ పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబులును యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్‌కు (వీడియోను కంప్యూటర్‌లోకి తెచ్చే చిన్న పరికరం) తగిలించి, ఓబీఎస్ అనే రికార్డింగు ప్రోగ్రాంలో రికార్డు చేసుకోవడం. క్వాలిటీ కొంచెం తగ్గుతుంది, గంట వీడియోకు గంట పడుతుంది. అయినా ఏమీ లేనిదానికన్నా మేలు.

## 5. హార్డ్‌డిస్కులోకి కాపీ

ఇంట్లో తీసిన డిస్కులకు లాక్ ఉండదు. కాబట్టి డీవీడీ అయితే ఇమ్గ్‌బర్న్‌లో రీడ్ మోడ్ ఎంచుకుని డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీయండి. ఫోల్డరును మామూలుగా కాపీ చేసుకున్నా పనవుతుంది, కానీ కొందరు పెద్దగా కనిపించే వీఓబీలను మాత్రం తెచ్చుకుని చిన్న ఐఎఫ్ఓ ఫైళ్ళను వదిలేస్తారు. ఏ ముక్క తర్వాత ఏది, ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది అన్నది ఆ చిన్న ఫైళ్ళలోనే ఉంటుంది. ఐఎస్ఓ తీస్తే ఈ పొరపాటుకు తావుండదు.

వీఆర్ డిస్కులో అయితే వీఆర్ఓ ఫైలు, దాని పక్కనున్న ఐఎఫ్ఓ రెండూ కాపీ చేయండి. వీసీడీలో డీఏటీ ఫైళ్ళు చాలు.

కాపీ అయిపోయాక ఇవి చూడండి:

☐ డిస్కులో వాడిన స్థలం, కాపీ సైజు సరిపోతున్నాయా? నిండు 4.7 జీబీ డీవీడీని విండోస్ 4.38 జీబీ దాకానే చూపిస్తుంది, అది లోపం కాదు.
☐ వీఎల్‌సీలో మొదలు, మధ్య, చివర మూడు చోట్లా ఆడుతోందా? పాడయ్యేది ఎక్కువగా బయటి అంచు, అంటే రికార్డింగు చివరి భాగం.
☐ ఫైలు పేరులో ఎవరి వేడుక, ఏ ఏడాది, ఎన్నో డిస్కు అని రాశారా? "డీవీడీ కొత్తది 2" అని పెడితే నెల తర్వాత మీకే తెలియదు.

కాపీ మధ్యలో ఆగిపోతే. విండోస్‌లో "సైక్లిక్ రిడండెన్సీ" అని ఎర్రర్ వస్తుంది. మళ్ళీ మళ్ళీ అదే బటన్ నొక్కడం వల్ల ఒరిగేదేమీ లేదు. డిస్కు తీసి మళ్ళీ శుభ్రం చేయండి. వేరే డ్రైవులో పెట్టండి. ఇమ్గ్‌బర్న్‌లో చదివే వేగం తగ్గించండి. అప్పటికీ రాకపోతే డీడీరెస్క్యూ వాడాలి.

డీడీరెస్క్యూ లినక్స్‌లో నడుస్తుంది. పెన్‌డ్రైవులో లినక్స్ వేసి దాంతో కంప్యూటర్ ఆన్ చేస్తే మీ విండోస్‌కు ఏమీ కాదు. ఈ ప్రోగ్రాం తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు తెచ్చుకుని, మొండికేసిన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో గుర్తు పెట్టుకుని, తర్వాత వాటి దగ్గరికి మళ్ళీ వస్తుంది. దీని అసలు విలువ ఇక్కడుంది: అదే మ్యాప్ ఫైలుతో డిస్కును రెండో డ్రైవులో పెట్టి నడిపితే, మొదటి డ్రైవు తేలేకపోయిన భాగాలను మాత్రమే ప్రయత్నిస్తుంది. రెండు డ్రైవులు కలిసి ఒక పూర్తి కాపీ ఇవ్వడం జరుగుతుంటుంది. రాత్రి పెట్టి పడుకోండి, పక్కన కూర్చుని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ లేదు.

వీసీడీలకు ఈ దారి పనికిరాదు. వీసీడీలో ఎక్కువ నిమిషాలు పట్టించడం కోసం, తప్పులు సరిచేసే అదనపు సమాచారాన్ని వీడియో భాగంలో వదిలేశారు. అందుకే చిన్న గీతకే కాపీ ఆగిపోతుంది. ప్లేయర్‌లో మాత్రం అదే చోట బొమ్మ ఒక్క క్షణం చెదిరి ముందుకు పోతుంది. ఐసోబస్టర్‌లో చదవలేని భాగాలను దాటేయమని చెప్పి డీఏటీని బయటికి తీయండి. తలంబ్రాల మధ్య అర సెకను గళ్ళు గళ్ళుగా కనిపిస్తే కనిపించనివ్వండి.

## 6. ఎడిటర్‌కు నచ్చే ఫైలుగా మార్చడం

డీవీడీలోని వీడియో దాదాపు 1 జీబీ వీఓబీ ముక్కలుగా తెగి ఉంటుంది. ఆ కోత సైజు చూసి పడుతుంది, సీన్ చూసి కాదు. పెళ్ళికూతురు దోసిలి పైకెత్తిన క్షణంలో ఒక వీఓబీ అయిపోయి, తలంబ్రాలు పడటం తర్వాతి వీఓబీలో ఉండొచ్చు. రెండింటినీ విడివిడిగా టైమ్‌లైన్ మీద పక్కపక్కన పెడితే అతుకు దగ్గర మేళం ఒక్కసారి తెగి వినిపిస్తుంది. అందుకే వీఓబీలను విడిగా తీసుకోకుండా, మొత్తం టైటిల్‌ను ఒకే ఫైలుగా మార్చాలి.

హ్యాండ్‌బ్రేక్‌లో ఐఎస్ఓ ఫైలును గానీ వీడియో టీఎస్ ఫోల్డరును గానీ తెరవండి. తర్వాత ఈ సెట్టింగులు:

☐ టైటిల్: పై వరుసలో ఒక్క టైటిలే ఎంచుకుని ఉంటుంది. డిస్కులో ఎన్నో ఉండొచ్చు. అన్నిటినీ క్యూలో చేర్చండి.
☐ క్రాప్: ఆటోమేటిక్ తీసేసి, క్రాప్ లేకుండా పెట్టండి. లేకపోతే ఒక్కో క్లిప్పు ఒక్కో సైజులో వస్తుంది.
☐ సైజు: ఎనామార్ఫిక్ (ఆడించేటప్పుడు బొమ్మను సాగదీసే పద్ధతి) ఆపేసి, పాత టీవీ ఆకారంలో తీసినదైతే 768×576, వెడల్పు టీవీ ఆకారంలో తీసినదైతే 1024×576.
☐ డీఇంటర్‌లేస్ (ఒక ఫ్రేములో కలిసున్న అరబొమ్మలను విడదీయడం): బ్విడిఫ్ ఎంచుకుని, బాబ్ ప్రీసెట్ పెట్టండి.
☐ ఫ్రేమ్ రేటు: 50, కాన్‌స్టంట్. వేరియబుల్ వద్దు.
☐ క్వాలిటీ: హెచ్.264, ఆర్ఎఫ్ 16 నుంచి 18. అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ, ఫైలు సైజు రెండూ పెరుగుతాయి.
☐ ఆడియో: ఏఏసీ, 192 కేబీపీఎస్, 48 కిలోహెర్ట్జ్.

50 ఎందుకంటే, డీవీడీలో సెకనుకు 25 ఫ్రేములున్నా ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల అరబొమ్మలు ఉంటాయి. వాటిని విడదీస్తే మొత్తం 50 బొమ్మలు వస్తాయి. మెరవణిలో పిల్లలు చిందులేస్తున్న చోట తేడా బాగా తెలుస్తుంది. అమెరికా డిస్కులకు 50 బదులు 59.94, సైజు 640×480 పెట్టండి. వాటిని 50కి లాగొద్దు, కదలిక జర్కు కొడుతుంది.

వీసీడీకి డీఇంటర్‌లేస్ అక్కర్లేదు, ఎంపెగ్-1లో అరబొమ్మల గొడవే లేదు. 384×288 సైజు, 25 ఫ్రేములు చాలు. ఆడియో 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, దాన్ని 48కి మార్చండి. డీఏటీని హ్యాండ్‌బ్రేక్ తీసుకోకపోతే వీఎల్‌సీలోని కన్వర్ట్ వాడండి. ఎక్స్‌టెన్షన్ డీఏటీ తీసేసి ఎంపీజీ అని పేరు మార్చడం కొన్ని చోట్ల నడుస్తుంది, కానీ ఫైలు మొదట్లో సీడీ తాలూకు హెడర్ అలాగే ఉంటుంది కాబట్టి చాలా ఎడిటర్లు ఒప్పుకోవు.

వీఆర్ఓ ఫైలు కూడా లోపల ఎంపెగ్-2నే. దానికి ఎంపీజీ అని పేరు మార్చి హ్యాండ్‌బ్రేక్‌లో వేయండి. ఆ మోడ్‌లో అన్ని రికార్డింగులూ ఒకే ఫైలులో వరుసగా ఉంటాయి. నిడివి తప్పుగా చూపించినా పట్టించుకోకండి, మార్చాక సరిపోతుంది.

డిస్కులోంచి వీడియో తీయడానికి మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రాం వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. అది మామూలుగా 120 సెకన్లకన్నా చిన్న టైటిళ్ళను వదిలేస్తుంది. సినిమా డిస్కులకు అది సౌకర్యం. హ్యాండీకామ్ డిస్కులో మాత్రం బిడ్డ తొలి అడుగులు ఒకటిన్నర నిమిషమే ఉంటాయి. సెట్టింగుల్లో కనీస నిడివిని 0 చేయండి.

డిస్కు మొత్తం మార్చే ముందు ఒక రెండు నిమిషాల ముక్కను మార్చి, ఎడిటర్‌లో వేసి, బొమ్మా మాటా చూసుకోండి. ఇది దాటవేసినవాళ్ళే రాత్రంతా మార్చిన ఎనిమిది డిస్కులను మళ్ళీ మొదలుపెట్టేది.

## 7. ఎడిటర్‌లోకి తేవడం

ప్రాజెక్టును మొదటి క్లిప్పు లాగినప్పుడు ఎడిటరే ఊహించుకునేలా వదిలేయకండి. ముందే మీరే పెట్టండి. డీవీడీలే ఎక్కువైతే 50 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్. ఫోన్‌లో తీసిన కొత్త వీడియోలు, ఫోటోలు కూడా కలుపుతుంటే 1920×1080 టైమ్‌లైన్ మంచిది. అందులో పాత ఆకారం వీడియో మధ్యలో 1440×1080 జాగా తీసుకుని, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి.

ఆ పట్టీలు బాగాలేవని స్క్రీన్ నిండేలా జూమ్ చేస్తుంటారు. అప్పుడు పీటల మీద కూర్చున్నవాళ్ళ తలలు పైన, పళ్ళేలు కింద కోతపడతాయి. దానికన్నా అదే క్లిప్పును వెనకాల పెద్దది చేసి మసకగా పెట్టుకోండి, లేదా పట్టీలనే ఉంచేయండి. నా ఓటు పట్టీలకే.

ఎడిటర్లలో షాట్‌కట్, కేడెన్‌లైవ్ ఎంపెగ్-2 ఫైళ్ళను చాలావరకు నేరుగానే తెరుస్తాయి. చిన్న పనికి, పాత కంప్యూటర్‌కు అవే నయం. డావించి రిజాల్వ్ శక్తివంతమైనదే కానీ గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో మొరాయిస్తుంది.

## 8. టైమ్‌లైన్‌లో ఎదురయ్యే తిప్పలు

బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. డీవీడీ ఆడియో ఎక్కువగా ఏసీ3 రకం. దాన్ని చదవలేని ఎడిటర్లు ఉన్నాయి. మీడియాఇన్ఫోలో ఫైలు తెరిచి ఆడియో రకం చూడండి. ఏసీ3 అని ఉంటే ఏఏసీగానో, డబ్ల్యూఏవీగానో మార్చండి. వీడియోను మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

మాటకూ పెదవులకూ పొత్తు కుదరదు. ముందు ఏ రకమో తేల్చుకోండి. మొదట్లోనూ చివర్లోనూ తేడా ఒకేలా ఉంటే ఆడియోను విడదీసి కొన్ని ఫ్రేములు జరిపితే సరి. గట్టిమేళంలో డోలు మీద పడే దెబ్బ చూసి కలపండి, మాటలకన్నా సులువు. తేడా పోనుపోను పెరుగుతుంటే జరిపి లాభం లేదు. ఫ్రేమ్ రేటు వేరియబుల్‌గా మారి ఉంటుంది, కాన్‌స్టంట్ పెట్టి మళ్ళీ మార్చండి. ఒకచోట ఉన్నట్టుండి తేడా వచ్చి అక్కడినుంచి అలాగే ఉంటే, అక్కడ కెమెరా ఆపి మళ్ళీ ఆన్ చేసుంటారు లేదా డిస్కు చెడి ఉంటుంది. ఆ చోట కోసి రెండో ముక్కను విడిగా సర్దండి.

కదిలేచోట దువ్వెన పళ్ళలా గీతలు. చేయి ఊపినప్పుడు గాజుల అంచుల్లో బాగా కనిపిస్తాయి. డీఇంటర్‌లేస్ చేయలేదన్నమాట. ఎడిటర్‌లో ఫిల్టర్లు వేసి తంటాలు పడకుండా 6వ భాగానికి వెళ్ళి మళ్ళీ మార్చండి.

గీతల్లేవు, కానీ కదలిక ముందుకూ వెనక్కూ వణుకుతోంది. ఫీల్డ్ ఆర్డరు, అంటే అరబొమ్మల వరుస, తిరగబడింది. డీవీడీల్లో సాధారణంగా పై ఫీల్డు ముందు వస్తుంది. టేపు మీద తీసే డీవీ కెమెరాల్లో కింది ఫీల్డు ముందు. టేపు నుంచి డిస్కుకు ఎక్కించిన వాటిలో ఇది తారుమారు కావచ్చు. మార్చేటప్పుడు ఫీల్డ్ ఆర్డరును ఎదురు చేసి చూడండి.

మనుషులు లావుగా లేదా పీలగా కనిపిస్తున్నారు. డిస్కులోని సైజును ఎడిటర్ ఉన్నదున్నట్టు చూపిస్తోంది. గుండ్రంగా ఉండే వస్తువు ఏదైనా, కలశం మూతో వాచీయో చూసుకుని, అది గుండ్రంగా కనిపించే సైజు ఎంచుకోండి.

కొన్ని సీన్లే లేవు. హ్యాండ్‌బ్రేక్‌లో ఒక్క టైటిలే మార్చి ఉంటారు, లేదా మేక్‌ఎంకేవీ చిన్నవి వదిలేసి ఉంటుంది. వీడియో కంటే ముందు మెనూ బొమ్మే వస్తోందంటే చివర సున్నా ఉన్న మెనూ వీఓబీని తెచ్చుకున్నట్టు.

ఆకుపచ్చ గళ్ళు, మధ్యలో ఎడిటర్ మూసుకుపోవడం. కాపీలో రంధ్రం ఉంది. వీఎల్‌సీలో అదే నిమిషానికి వెళ్ళి చూడండి. అక్కడా గళ్ళు వస్తే డిస్కు చదవడం దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. వీఎల్‌సీలో బాగుండి ఎడిటర్‌లోనే చెడితే మార్చిన ఫైలుదే తప్పు.

టైమ్‌లైన్ నత్తనడక నడుస్తోంది. ఫైళ్ళు పెన్‌డ్రైవులోనో డిస్కులోనో ఉండిపోయాయేమో చూడండి. హార్డ్‌డిస్కులో ఉండి కూడా నెమ్మదిగా ఉంటే ఎడిటర్‌లో ప్రాక్సీ (ఎడిటింగ్ వరకే వాడే తేలికపాటి కాపీ) ఆన్ చేయండి.

బొమ్మ మసకగా ఉంది. దానికి మందు లేదు. వీసీడీలో ఉన్నది 352×288 మాత్రమే. హెచ్‌డీ చేస్తామని డబ్బు అడిగే దుకాణాలవాళ్ళు అంచులు పదును చేసి ముఖాలను మైనం బొమ్మల్లా ఇస్తారు. చిన్న ఫ్రేములో, చుట్టూ ఫోటోలతో పెట్టుకుంటే అదే వీడియో చూడముచ్చటగా ఉంటుంది.

## 9. డిస్కులను ఏం చేయాలి

పడేయొద్దు. కాపీలో ఏదైనా తప్పిందని ఏడాది తర్వాత తెలిస్తే మళ్ళీ వాటి దగ్గరికే రావాలి. నిలువుగా, కేసుల్లో, నీడలో పెట్టండి. మిద్దె మీద రేకుల గదిలో వద్దు. రికార్డు చేసుకునే డిస్కుల్లో ఉండే రంగు పొరకు వేడి, ఎండ పడవు. కడప, అనంతపురం ఎండాకాలం సంగతి చెప్పాల్సిన పని లేదు. కింది అంతస్తులో, గోడకు ఎండ తగలని వైపున్న బీరువా నయం.

ఐఎస్ఓలను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి తమ్ముడి ఇంట్లోనో అక్క ఇంట్లోనో ఉంచండి. మార్చిన ఎంపీ4లు పోయినా వాటినుంచి మళ్ళీ చేసుకోవచ్చు.